ఫుల్ బాడీ సిగార్‌ను అంచనా కట్టడం: ఘాటు వేరు, నిండుతనం వేరు

ఖరీదైన సిగార్ల గురించి మన దగ్గర జరిగే సంభాషణల్లో ఎక్కువగా వినిపించే మాట ‘ఫుల్ బాడీ’. అందరినీ తికమక పెట్టేదీ అదే. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో, దుబాయ్ నుంచి వచ్చిన బంధువు తెచ్చిన పెట్టె తెరవగానే నల్లగా నిగనిగలాడే సిగార్‌ను చూసి ఒకరు ‘ఇది ఫుల్ బాడీ, చాలా స్ట్రాంగ్‌గా ఉంటది’ అంటారు. సగం కాల్చేసరికి తల తిరిగి చెమటలు పట్టిన మరొకరు ‘నిజమే, ఫుల్ బాడీనే’ అని ఒప్పుకుంటారు. మొదటివారు చెప్పింది ఆకు రంగు గురించి, రెండోవారు చెప్పింది నికోటిన్ ప్రభావం గురించి. అసలు ఆ మాటకు అర్థమైన సంగతి, అంటే పొగ నోటిలో ఎంత బరువుగా, ఎంత నిండుగా తగులుతుందన్నది, ఆ ఇద్దరిలో ఎవరూ గమనించనే లేదు. రుచి ఎంత గాఢంగా ఉందన్నది మళ్లీ ఇంకో లెక్క. ఈ పోగులను విడదీసుకోకుండా ఒక సిగార్ బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పడం వల్ల చెప్పినవారి ఇష్టాయిష్టాలు తెలుస్తాయే తప్ప సిగార్ గురించి ఏమీ తెలియదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవారికి ఈ తేడాను వివరించనక్కరలేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి టమాటలా బొద్దుగా, ముదురు ఎరుపులో ఉంటుంది. రంగు దండిగా దిగుతుంది, కారం మాత్రం తక్కువ. తేజ రకం సన్నగా, చిన్నగా ఉండి కళ్లనీళ్లు తెప్పిస్తుంది. ఎరుపును చూసి కారాన్ని లెక్కగట్టే వ్యాపారి ఒక్క సీజన్ కూడా నిలవడు. సిగార్‌లో పైఆకు నలుపుకూ నికోటిన్ బలానికీ మధ్య ఉన్న సంబంధం సరిగ్గా అలాంటిదే. ఎండకు ముదిరిన ఆకుల్లో రంగూ బలమూ కలిసి రావచ్చు, రాకపోవచ్చు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడానికి మాత్రం వీల్లేదు.

ఇకపై ఈ వ్యాసంలో నికోటిన్ వల్ల ఒంటికి తెలిసేదాన్ని ‘బలం’ అనీ, నోటికి తగిలే పొగ బరువును ‘నిండుతనం’ అనీ, నాలుకా ముక్కూ కలిసి గుర్తుపట్టేదాన్ని ‘రుచి’ అనీ వ్యవహరిస్తాను.

బలం ఎక్కడి నుంచి వస్తుంది

సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల గుత్తిగా అమర్చిన ఆకులు ఫిల్లర్, వాటిని చుట్టి పట్టి ఉంచేది బైండర్, కంటికి కనిపించే పైఆకు రాపర్. మూడూ పొగాకే. ఉత్తర తెలంగాణ పాఠకులు ఇక్కడొక తేడా గమనించాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాల ఆడవాళ్లు చేసే బీడీలో పైన చుట్టేది తునికాకు. అది ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలంలో కోసి, 50 ఆకుల కట్టలుగా కట్టి కల్లాల్లో ఆరబెట్టే అడవి చెట్టు ఆకు. దానిలో పొగాకు లేదు, నికోటిన్ లేదు. కాబట్టి బీడీ ఘాటంతా లోపలి తంబాకుదే. సిగార్‌లో అలా కాదు; పైఆకు కూడా పొగాకే కనుక మొత్తం మిశ్రమంలో దానికీ వాటా ఉంటుంది. అయితే రుచిలో సగానికి పైగా రాపర్ నుంచే వస్తుందని శాతాలతో సహా చెప్పే అంగడి మాటను నేను నమ్మను. బరువులో అది చాలా కొద్ది భాగం. దాని ప్రభావం ఎంతన్నది లోపలి ఆకుల మీద ఆధారపడి సిగార్‌కూ సిగార్‌కూ మారుతుంది.

బలాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఫిల్లర్‌లోని ఆకులు మొక్క మీద ఏ ఎత్తులో పెరిగాయన్నది. క్యూబా, నికరాగ్వా, డొమినికన్ రిపబ్లిక్ దేశాల్లో అడుగు ఆకులను వొలాడో అనీ, వాటి పైవాటిని సెకో అనీ, ఇంకా పైన ఉన్నవాటిని విసో అనీ, కొస ఆకులను లిహెరో అనీ పిలుస్తారు. నికోటిన్ వేళ్లలో తయారై ఆకులకు చేరుతుంది. పూమొగ్గను తుంచేసినప్పుడు విత్తనానికి వెళ్లవలసిన సారం ఆకుల్లోకి మళ్లుతుంది, నికోటిన్ కూడా పెరుగుతుంది. కొస ఆకులు ఎండను నేరుగా తీసుకొని మందంగా, జిడ్డుగా, బలంగా తయారవుతాయి. అడుగు ఆకులు పలచగా ఉండి సులువుగా మండుతాయి కానీ వాటిలో సారం తక్కువ. లిహెరో మెల్లగా మండుతుంది కనుక సిగార్ చుట్టేవారు దాన్ని గుత్తి మధ్యలో ఉంచుతారు. అది పక్కకు జరిగితే ఆ వైపు మంట వెనకబడి, కాలే గీత వంకరపోతుంది. ఘాటైన సిగార్లలో వంకర మంట తరచుగా కనిపించడానికి ఇదొక కారణం. అందువల్ల అటువంటి సిగార్‌లో ఆ లోపాన్ని తేలికపాటి సిగార్‌లోని లోపంతో సమానంగా లెక్కించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకుండానే సిగార్ తల తిప్పడం చాలామందికి వింతగా ఉంటుంది. దీనికి కారణం ఆకును ఆరబెట్టే పద్ధతిలో ఉంది. సిగరెట్లలో ఎక్కువగా వాడే వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడితో ఎండబెడతారు. దానిలో చక్కెరలు నిలిచిపోయి, పొగకు ఆమ్లగుణం వస్తుంది. సిగార్ ఆకును పాకల్లో గాలికి నెమ్మదిగా ఆరనిస్తారు. చక్కెరలు చాలావరకు ఖర్చయిపోయి, పొగకు క్షారగుణం వస్తుంది. క్షారగుణమున్న పొగలో నికోటిన్ స్వేచ్ఛగా ఉండి, బుగ్గల లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాముల దాకా పొగాకు ఉంటుంది. సిగరెట్‌లో ఒక గ్రాము లోపే. పొగాకులోని నికోటిన్‌ను చూసినా ఒక సిగరెట్‌లో సుమారు 8 మిల్లీగ్రాములు ఉంటే, చాలా సిగార్లలో 100 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అదంతా ఒంట్లోకి చేరదు. కానీ ఖాళీ కడుపుతో, గబగబా దమ్ములు లాగే కొత్తవారికి చెమటలు, వాంతి వచ్చినట్టుండటం, గుండె దడ కలగడానికి దానిలో కొద్ది భాగం చాలు. అటువంటప్పుడు తీపి ఏదైనా తింటే సర్దుకుంటుందని అలవాటున్నవారు చెబుతారు. సిగార్‌ను పక్కన పెట్టేయడమే అసలు చేయవలసిన పని.

పొగను మింగడం లేదు కాబట్టి హాని లేదన్న ధీమాకు కూడా ఇక్కడే జవాబుంది. నికోటిన్ దిగే దారిలోనే మిగతా విషపదార్థాలూ నోటి పొరను తాకుతాయి. సిగార్ తాగేవారికి నోరు, గొంతు, అన్నవాహికల క్యాన్సర్ల ముప్పు ఉందన్నది స్థిరపడిన విషయం. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగే ఉత్తరాంధ్ర అడ్డపొగ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ రావడం మన వైద్యులకు ఏనాటి నుంచో తెలుసు. పొగను నోటిలో నిలిపి పరీక్షించే పని పెట్టుకున్నవారికి ఈ ముప్పు నుంచి మినహాయింపేమీ లేదు. ఎన్ని సిగార్లు రుచి చూడాలన్న ప్రశ్నకు తక్కువ అన్నదే సరైన జవాబు కావడం ఇందుకే.

నిండుతనం, రంగు, పులియబెట్టడం

నిండుతనం అంటే నోటిలో పొగకున్న బరువు, చిక్కదనం. ఒక దమ్ము లాగి, మూడు నాలుగు క్షణాలు నోటిలో నిలిపి వదిలినప్పుడు అది పలచగా జారిపోయిందా, నాలుకకూ అంగిలికీ పూత పూసినట్టు నిలిచిందా అన్నదే పరీక్ష. నూనెలు ఎక్కువగా ఉన్న మందపాటి ఆకులు ఈ పూతనిస్తాయి. బలమైన ఆకుల్లోనూ నూనెలు ఎక్కువే కావడంతో రెండు గుణాలూ చాలాసార్లు కలిసి కనిపిస్తాయి, గందరగోళానికి మూలం అదే. కానీ కలిసి తీరాలన్న నియమం లేదు. అమెరికాలోని కనెక్టికట్‌లో పండే బ్రాడ్‌లీఫ్ రాపర్‌తో, మధ్యస్థమైన ఫిల్లర్‌తో చేసిన సిగార్ నోరంతా నిండిపోయేంత చిక్కగా ఉండి కూడా తల తిప్పకపోవచ్చు. అదే కనెక్టికట్‌లో నీడ పందిళ్ల కింద పెంచే లేత రంగు ఆకును పైన చుట్టి, లోపల లిహెరోను దట్టించిన సిగార్ చూడటానికి సాధువులా ఉండి, చివరి మూడో వంతులో కుర్చీ నుంచి లేవనివ్వకపోవచ్చు.

మదూరో అని పిలిచే నల్లని రాపర్ల రంగు ప్రధానంగా పులియబెట్టడం వల్ల వచ్చేది. ఆరిన ఆకులకు తేమ తగిలించి పెద్ద కుప్పలుగా పేరుస్తారు. పులిసే కొద్దీ కుప్ప లోపల వేడెక్కుతుంది; ఆ వేడి మితిమీరకుండా కుప్పను తిరగేసి, లోపల ఉన్న ఆకును పైకీ పైన ఉన్న ఆకును లోపలికీ మార్చి మళ్లీ పేరుస్తారు. ఈ క్రమంలో అమ్మోనియా బయటికి పోతుంది, చేదు తగ్గుతుంది, రంగు ముదురుతుంది. మదూరో ఆకును మరింత వేడిలో, మరింత కాలం ఉంచుతారు. దాని నుంచి వచ్చేది ఎక్కువగా కోకో, మాడిన బెల్లం వంటి తీపి ఛాయ. అందుకే రుచి చూసేటప్పుడు ఇల్లు కడిగే మందులా ముక్కును పొడిచే అమ్మోనియా వాసన ఏ దశలో వచ్చినా, ఆ ఆకు పులియడం పూర్తి కాలేదనో, సిగార్ చుట్టాక తగినంత విశ్రాంతి దొరకలేదనో రాసుకోవచ్చు. అది ఘాటు కాదు, ఫుల్ బాడీ అంతకన్నా కాదు, ఉత్త లోపం.

నికరాగ్వాలోని ఎస్తెలీ లోయ అగ్నిపర్వత నేలల్లో పండిన ఆకుకు మిరియాల పొగరు ఎక్కువనీ, హలాపా ఆకు కాస్త మెత్తగా, తియ్యగా ఉంటుందనీ, డొమినికన్ రిపబ్లిక్‌లోని సిబావ్ లోయ ఆకు సున్నితమనీ, క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతపు వుయెల్తా అబాహో ఆకుకు తనదంటూ ఒక మట్టి పరిమళం ఉందనీ చెప్పుకోవడం వాడుక. ఇవి మొదటి అంచనాకు పనికొస్తాయి. తీర్పుకు పనికిరావు, ఒకే లోయలో మొక్కజాతి, కోత, పులియబెట్టిన తీరు మారితే ఫలితం తారుమారవుతుంది.

ముందుగా పెట్టె సంగతి

వరంగల్‌లో ఒక సిగార్ గురించి జరిగే తప్పు తీర్పుల్లో అధిక భాగం సిగార్ తప్పు కాదు, గాలిలోని తేమ తప్పు. సిగార్ చుట్టూ ఉన్న గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలన్నది సాధారణ నియమం. మన ఊళ్లో మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరి గాలి పొడిబారుతుంది. శ్రావణం వచ్చేసరికి గోడలు చెమర్చేంత ముసురు పడుతుంది. మే నెలలో బయట వదిలేసిన సిగార్ పైఆకు పెళుసెక్కి పగులుతుంది, నూనెల పరిమళం ఎగిరిపోతుంది, వెలిగిస్తే గడ్డివాములా భగ్గున మండి చేదు మిగులుస్తుంది. దాన్ని తాగినవారు ‘అబ్బ, ఎంత స్ట్రాంగ్’ అంటారు. ముసురులో తేమ పట్టిన సిగార్ దమ్ము బిగుసుకుపోతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది, పైఆకు తడిగా ఉండి మండక లోపలి ఆకు మాత్రం కాలి సొరంగంలా బోలుపడుతుంది. దాన్ని తాగినవారు ‘చుట్టడం రాలేదు’ అంటారు. రెండు తీర్పులూ వాతావరణానివే.

ఇంట్లో ఖరీదైన చెక్క పెట్టె ఉండాలన్న నియమమేమీ లేదు. గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బా, దానిలో తేమను ఇచ్చి పుచ్చుకునే ఉప్పు ద్రావణపు ప్యాకెట్, ఒక చిన్న తేమ మీటరు ఉంటే చాలు. మన ఎండలకు గాలి ఆడే చెక్క పెట్టె కన్నా ఈ డబ్బానే నయమని నేనంటాను. సంప్రదాయపు పెట్టెల లోపల వాడే స్పానిష్ సెడార్ పేరుకే సెడార్. వృక్షశాస్త్రం ప్రకారం అది మన వేపచెట్టు కుటుంబానికి చెందినది. దాని వాసన సిగార్‌కు పడుతుంది కూడా, రుచి చీటీలో ‘సెడార్’ అని రాసేముందు అది ఆకుదో పెట్టెదో ఆలోచించుకోవాలి. చవక మీటర్లు తప్పు చూపడం మామూలే. వాటిని సరిచూడటం సులువు: సీసా మూతలో వంట ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యే మేరకు నీళ్లు చల్లి, మీటరుతో పాటు గట్టిగా మూసే ప్లాస్టిక్ కవరులో ఒక రాత్రంతా ఉంచితే అది 75 శాతం చూపాలి. ఎంత తేడా వస్తే అంత కలుపుకోవడమో తీసేయడమో చేసుకోవచ్చు.

వేడి పెరిగితే ఇంకో బెడద కూడా ఉంది. నిల్వ పొగాకును తొలిచే చిన్న గోధుమరంగు పెంకు పురుగు గుడ్లు కంటికి కనబడకుండా ఆకులోనే ఉండవచ్చు. సుమారు 24 డిగ్రీలు దాటిన వేడిలో అవి పొదిగి, సూదితో గుచ్చినట్టు రాపర్‌కు రంధ్రాలు పడతాయి. ఇది మన నిజామాబాద్ పసుపునూ, గోదాముల్లోని ఎండు మిరపనూ తొలిచే పురుగే. అనుమానం ఉన్న పెట్టెను గట్టిగా మూసిన కవరులో కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో, ఆపైన గదిలో ఉంచితే పురుగు చస్తుంది, ఆకు పగలదు. విమానంలో, ఎండలో, సూట్‌కేసులో తిరిగి వచ్చిన సిగార్‌ను ఆ సాయంత్రమే వెలిగించి తీర్పు చెప్పేవారిని ఆపడం కష్టం. కానీ కొన్ని వారాలైనా డబ్బాలో కుదుటపడనివ్వకుండా దాని రుచి గురించి రాసింది ఏదీ లెక్కలోకి రాదు.

చేతికి, కంటికి, ముక్కుకు

బీడీల కార్ఖానాల్లో చాటన్, అంటే చుట్టిన బీడీలను ఏరి సరిచూసే పని, చేసేవారి చేతులను చూసినవారికి తెలుస్తుంది, చుట్టిన సరుకు మంచిచెడ్డలు సగం వేళ్లకే తెలుస్తాయని. సిగార్‌ను కాలే కొస నుంచి నోటి కొస వరకు బొటనవేలూ చూపుడువేలూ మధ్య మెల్లగా నొక్కుతూ పోవాలి. ఒకచోట మెత్తగా అణిగితే అక్కడ ఆకు తక్కువైంది, మంట వేడెక్కి ఉరుకుతుంది. ఒకచోట గట్టిగా ముడిలా తగిలితే అక్కడ దమ్ము ఆడదు. రాపర్ మీద ఈనెలు సన్నగా ఉన్నాయా, అతుకు గీత కనిపించీ కనిపించకుండా ఉందా, నూనె మెరుపు ఉందా అన్నవి చూడాలి. ఈనెలు లావుగా ఉండటం అందానికి లోపమే గాని రుచికి లోపం కాదు. బ్రాడ్‌లీఫ్ వంటి ఆకులు పుట్టుకతోనే మోటుగా ఉంటాయి.

సిగార్ల కొలతలు అంగుళాల పొడవు, రింగ్ గేజ్ అనే మందంతో చెబుతారు. ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. 5 అంగుళాలు, 50 గేజ్ ఉన్న రొబస్టో దాదాపు 20 మిల్లీమీటర్ల మందం. లావైన కొద్దీ ఘాటు పెరుగుతుందన్నది ఇంకో అపోహ. లావు సిగార్‌లో ఫిల్లర్ వాటా పెరిగి, రాపర్ వాటా తగ్గుతుంది. పొగ కూడా చల్లగా వస్తుంది. ఒకే మిశ్రమం సన్నని సిగార్‌లో మరింత పదునుగా అనిపించడం మామూలే.

టోపీలా అతికించిన నోటి కొసను అది ముగిసే గీత దాటకుండా కత్తిరించాలి, లోతుగా కోస్తే పైఆకు విడిపోతుంది. వెలిగించకుండానే ఒకటి రెండు సార్లు గాలి లాగి చూస్తే, ఎండుగడ్డి, కోకో, పశువుల పాక, ఎండిన పండ్ల వంటి వాసనలు నాలుక మీదికి వస్తాయి. దమ్ము బిగువు కూడా ఇక్కడే తెలుస్తుంది. వెలిగించడానికి వాసన లేని బ్యూటేన్ లైటరో, పొడుగు అగ్గిపుల్లో వాడాలి. పెట్రోల్ లైటరు వాసన మొదటి మూడో వంతునంతా పాడుచేస్తుంది. కొసను మంటలో ముంచకుండా, మంట మీద దూరంగా తిప్పుతూ అంచంతా ఎర్రబడేలా కాల్చుకోవాలి. ఇంకొక్క మాట: తిరిగే సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చొని, మంట ఒక పక్కకే పోయిందని కంపెనీని తిట్టకూడదు.

దమ్ము, ముక్కు, మూడు వంతులు

నాలుక గుర్తించేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రసంలో ఉండే ఉమామి మాత్రమే. మనం రుచి అని చెప్పుకొనే కాఫీ, లవంగం, తోలు, వేయించిన పల్లీలు, తడిసిన మట్టి అన్నీ నిజానికి వాసనలు. నోటి వెనక నుంచి ముక్కులోకి చేరినప్పుడు తెలిసేవి. అందువల్ల రుచి చూసేవారు అప్పుడప్పుడు నోటిలోని పొగలో కొద్ది భాగాన్ని ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకుండా ముక్కు గుండా వదులుతారు. ఫుల్ బాడీ సిగార్‌తో ఈ పని ప్రతి దమ్ముకూ చేయనక్కరలేదు. ఒక్కో మూడో వంతుకు రెండు మూడుసార్లు, అదీ చాలా కొద్ది పొగతో చేస్తే సరిపోతుంది. ముక్కులో మిరియంలా గుచ్చుకొనేది వాసన కాదు, రుచీ కాదు. మిరప మంటను మోసే ట్రైజెమినల్ నాడి అందించే స్పర్శ. దీన్ని కూడా చాలామంది బలం కిందే జమకడతారు. మిరియపు పొగరు ముక్కుకు తెలుస్తుంది, వెంటనే తెలుస్తుంది. నికోటిన్ బలం ఒంటికి తెలుస్తుంది, ఇరవై నిమిషాల తర్వాత మెల్లగా తెలుస్తుంది. మొదటి పది దమ్ముల్లోనే ‘బలమైన సిగార్’ అని రాసినవారు రాసింది మిరియం గురించే.

మంట ఉన్న తిండి తిన్న నాలుక కొంతసేపు మొద్దుబారుతుంది. సర్వపిండి, పచ్చిపులుసు, ఎల్లిగడ్డ కారంతో భోజనం ముగించి వెంటనే సిగార్ పట్టుకుంటే తీపి ఛాయలు ఒక్కటీ దొరకవు. కడుపు నిండి ఉండాలి, కాని నోరు సద్దుమణిగి ఉండాలి. భోజనమయ్యాక గంట ఆగడం, పక్కన మామూలు నీళ్లు పెట్టుకోవడం మంచిది. కాఫీతో, విస్కీతో కలిపి తాగడం ఎవరి సరదా వారిది. పరీక్ష మాత్రం నీళ్లతోనే జరగాలి.

దమ్ముల మధ్య ఇంచుమించు ఒక నిమిషం విరామం ఉండాలి. తొందరపడితే నిప్పు వేడెక్కి, ఎంత గొప్ప ఆకైనా చేదెక్కుతుంది. ఈ వేగంతో రొబస్టో ముప్పావు గంట నుంచి గంట దాకా నడుస్తుంది. దాన్ని మూడు వంతులుగా విడగొట్టి రాసుకోవడం అందరూ చేసేదే, కానీ ఎందుకన్నది కొద్దిమందే చెబుతారు. కాలుతున్న భాగం నుంచి వచ్చే ఆవిరి, తారు, నికోటిన్‌లలో కొంత వెనక ఉన్న కాలని ఆకులో పేరుకుంటుంది. నిప్పు అక్కడికి చేరేసరికి ఆ పేరుకున్నదీ కాలుతుంది. పైగా నిప్పుకూ నోటికీ మధ్య దూరం తగ్గి పొగ వేడిగా వస్తుంది. కాబట్టి ఏ సిగారైనా చివరి వంతులో బలం పుంజుకుంటుంది. అది తయారీదారు గొప్పతనమేమీ కాదు. చూడవలసింది ఆ పెరిగే బలంతో పాటు కొత్త రుచులు వస్తున్నాయా, ఉన్న రుచులే మాడి చేదవుతున్నాయా అన్నది. మొదటి వంతులో మిరియం, రెండో వంతులో మిరియం తగ్గి కాఫీ, కోకో, మూడో వంతులో వాటి మీద తోలు, ముదురు బెల్లం ఛాయ వస్తే మిశ్రమం ఆలోచించి చేసిందని అర్థం. మూడు వంతుల్లోనూ ఒకటే మిరియం, చివర బొగ్గు అయితే అది బలమైన సిగార్ కావచ్చు గాని మంచి ఫుల్ బాడీ సిగార్ కాదు.

రుచులకు పేర్లు పెట్టేటప్పుడు విదేశీ సమీక్షల్లోని జాబితాను వల్లె వేయడం కన్నా మన ముక్కుకు తెలిసిన వాసనలతో రాసుకోవడమే కచ్చితంగా ఉంటుంది. ఎండిన ఇప్పపువ్వు, వేయించిన నువ్వులు, నిప్పుల మీద కాల్చిన మక్కకంకి, పాకం పట్టే బెల్లం, కొత్త చెప్పుల జత, తొలకరి మట్టి: ఇవి మనం కళ్లు మూసుకొని గుర్తుపట్టగలవి. ఎన్నడూ తినని చెర్రీ పేరు రాస్తే ఆరు నెలల తర్వాత చదువుకున్నప్పుడు మనకే ఏమీ గుర్తురాదు.

బూడిద గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పొడుగ్గా, గట్టిగా నిలిస్తే లోపల పూర్తి ఆకులు వాడారని అర్థం; పొట్టు ఆకు అయితే రాలిపోతుంది. తెల్లగా ఉంటే గొప్పదనడం పాతమాట. రంగు నేలలోని ఖనిజాలను బట్టి వచ్చేది.

అంకెల గురించి

సిగార్లకు 100 మార్కుల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది 1992లో అమెరికాలో మొదలైన ఒక ప్రసిద్ధ పత్రిక. పేరు ముద్రించిన కాగితపు బ్యాండు తీసేసి, పేరు తెలియకుండా రుచి చూసి, రూపానికీ పనితనానికీ 15, కాలే తీరుకు 25, రుచికి 25, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 35 మార్కులు వేయడం ఆ పద్ధతి. ఈ పట్టికను జాగ్రత్తగా చూస్తే రెండు సంగతులు తేలుతాయి. అన్నిటికన్నా పెద్ద భాగం ‘మొత్తం అభిప్రాయం’; అంటే రుచి చూసినవారి ఇష్టం. బలానికి ప్రత్యేకమైన గడే లేదు. కాబట్టి 93 మార్కులు వచ్చిన సిగార్ మెత్తనిదీ కావచ్చు, తల తిప్పేదీ కావచ్చు. ఆ అంకె ఆ విషయం చెప్పదు. మన దేశంలో ధర అయితే ఇంకా తక్కువ చెబుతుంది, ఎందుకంటే మనం కట్టే రూపాయల్లో పెద్ద భాగం దిగుమతి సుంకాలకూ పన్నులకూ పోతుంది.

సొంత చీటీ రాసుకొనేవారు బలం, నిండుతనం, రుచి అని మూడు వరుసలు గీసి, ఒక్కో వరుసలో మూడు వంతులకు మూడు గడులు పెట్టుకుంటే చాలు. మార్కులు వేయకపోయినా నష్టం లేదు. ఆ తొమ్మిది గడుల పక్కన ఆ రోజు డబ్బాలోని తేమ, వెలిగించిన వేళ, అంతకు ముందు తిన్న తిండి రాయడం తప్పనిసరి. ఒక పెట్టె గురించి నమ్మదగిన మాట చెప్పాలంటే దానిలోంచి కనీసం రెండు సిగార్లు, కొన్ని వారాల ఎడంతో తాగి చూడాలి. చేతితో చుట్టిన సరుకులో ఒకదానికీ ఇంకోదానికీ తేడా సహజం. వానాకాలంలో తాగినదానికీ చలికాలంలో తాగినదానికీ రాసుకున్నవి పొసగకపోతే, ముందు డబ్బాలోని తేమ మీటరును ఉప్పుతో సరిచూడాలి. అది సరిగా ఉంటే చుట్టిన చేతిని అనుమానించాలి. ఆకుల మిశ్రమాన్ని తప్పుపట్టడం ఆ తర్వాతి మాట.